అయ్యగారి ఎడమ కాలు

మా అయ్యగారు పోయారన్న కబురు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా వచ్చింది. ఫోను చేసింది మా సంఘ పెద్ద. మామూలుగా ఆయన ఫోనులో అరుస్తాడు, యంత్రం మీద నమ్మకం లేక అవతలి ఊరికి గొంతుతోనే వినిపించాలన్నట్టు. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడాడు. "టీచరమ్మా, అయ్యగారు పొద్దుగాల చాయ్ తాగిండ్రు, మంచం మీద కూసున్నరు, గట్లనే పోయిండ్రు" అన్నాడు. ఆ వెంటనే, "నువ్వు కారు తీస్కొని అడివి ఊరికి పో. గా ఊరోళ్లను సమాధికి తేవాలె" అన్నాడు. ఏడుపు కంటే ముందు పని చెప్పుకోవడం మా సంఘం పద్ధతి. ఆ పద్ధతి నేర్పింది కూడా ఆయనే.

ఇది చదువుతున్నవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోయే దారిలో, గోదావరికీ అడవికీ నడుమ ఇరుక్కున్న చిన్న ఊరు మాది. అక్కడి రేకుల కప్పు మందిరానికి ఆయన పాస్టరు. అందరికీ అయ్యగారు. ఆయన భార్య అమ్మగారు కూడా మాతో "మీ అయ్యగారు" అనే చెప్పేది. ఆయన పెద్ద వక్తేమీ కాదు. ప్రసంగం మధ్యలో ఎవరి గేదె తప్పిపోయిందో గుర్తొస్తే ఆగి, "దొరికిందా అమ్మా?" అని అడిగేవారు. పాట ఎత్తుకుంటే శ్రుతి ఒక దారిన, ఆయన ఒక దారిన పోయేవారు. మధిర వైపు మనిషి కావడంతో ఆయన మాట మాకంటే కాస్త మెత్తగా ఉండేది. ఊళ్లో పిల్లలు ఆయన ముందే ఆ మాటను అనుకరించి నవ్వేవాళ్లు, ఆయన తప్పులు దిద్దేవారు.

ఎవరింటికి వెళ్లినా దడి బయటే నిలబడి "ఉన్నారా?" అని అడిగేవారు. ఇంటివాళ్లు ఎదురుగా కనిపిస్తున్నా సరే, అడిగేవారు. "కనిపిస్తూనే ఉన్నం గదా అయ్యగారూ" అంటే, "కనిపించడం వేరు, రమ్మనడం వేరు" అనేవారు. ఆ ఒక్క అలవాటు నన్ను కూడా పట్టుకుంది. ఇప్పుడు నేనూ నా విద్యార్థుల ఇళ్ల ముందు అలాగే నిలబడుతున్నాను.

మా సంఘంలో ఇంకో పద్ధతి ఉంది, బయటివాళ్లకు చెబితే నమ్మరు. మందిరానికి చెందిన ఏ వస్తువు గురించైనా నిర్ణయం ఆరాధన అయ్యాక అందరూ కూర్చొని చేయాల్సిందే. చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు. ఒక్కరు తల అడ్డంగా ఊపినా సంగతి వచ్చే ఆదివారానికి పోతుంది. తలుపులకు ఏ రంగు వేయాలన్నది ఇలాగే పోయి పోయి, చివరికి వానాకాలం వచ్చి ఆ తలుపులే ఉబ్బిపోయాయి. పెద్దలం నలుగురం తేల్చేద్దామని నేనొకసారి విసుక్కుంటే అయ్యగారు, "జల్దీగా తేలినవాటికి తర్వాత కాపలా కాయాలమ్మా" అన్నారు. ఆ మాటకు అప్పుడు నాకు ఒళ్లు మండిందని చెప్పడానికి ఇప్పుడు సంకోచం లేదు.

ఇక కారు. ఖమ్మంలో ఏదో ఆఫీసు వాళ్లు వేలం వేస్తే మా సంఘం కొన్న తెల్ల డీజిలు కారు అది. ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉండేది, గేరు రాడ్డు స్టీరింగు కిందే. అంతకుముందు అయ్యగారు ఏళ్ల తరబడి సైకిలు మీదే అడవి ఊళ్లు తిరిగారు. మోకాళ్లు వాచి, సైకిలు దిగితే మళ్లీ ఎక్కలేని స్థితి వచ్చాకే కారు వచ్చింది. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నారు. చెప్పులు విప్పి సీటు కింద జతగా పెట్టి, వట్టి కాళ్లతో నడిపేవారు. "చెప్పు అడ్డమొస్తే బండి చెప్పేది కాలికి వినపడదు" అనేవారు. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఆయన మొహం చూడాలి. కొత్త బట్టలు వేసుకున్న పిల్లాడికి కూడా అంత సంబరం ఉండదు.

కారు ఆయిలు కార్చడం మొదలుపెట్టింది. ఎక్కడ ఆగితే అక్కడ నల్లటి మచ్చ. ఫలానా ఇంటికి అయ్యగారు వచ్చి పోయారని మచ్చను చూసి చెప్పేవాళ్లు. అమ్మగారు పాత సత్తు గిన్నె ఒకటి కారు కింద పెట్టి, "పాలైనా ఇస్తలేదు" అని సణిగేది. చివరికి కారును భద్రాచలంలో మేస్త్రీ షెడ్డుకు తోలారు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిల్ సీలు పోయిందని, గేర్‌బాక్సు దించితే గానీ అందదని అతను చెప్పాడు. దించాక, వచ్చి చూడమని కబురు పెట్టాడు. సంఘ పెద్దకు తోడుగా నన్ను పంపారు. మా నాన్న ఇల్లందులో బొగ్గు లారీ నడిపేవాడు, ఆ ఇంటి పిల్లను గనక నాకు నాలుగు ముక్కలు తెలుస్తాయని.

మేస్త్రీ క్లచ్ ప్లేటు చేతిలో పట్టుకొని చూపించాడు. పళ్లెం సైజు చక్రం, రెండు వైపులా అతికించిన పట్టీ బాగా అరిగి ఉంది.

"సీలు మార్చిన. గేర్‌బాక్సు ఎట్లాగూ దిగింది. ఈ ప్లేటు సగం కంటె తక్కువున్నది. గిప్పుడే కొత్తది ఏసుకుంటరా, ఉన్నదాన్నే ఎక్కియ్యాల్నా? మల్ల మార్చాల్నంటే మల్ల గిదంత దించాలె" అన్నాడు.

"నడుస్తదా, నడ్వదా? గది చెప్పు" అన్నాడు సంఘ పెద్ద.

"నడుస్తది. ఎన్ని దినాలన్నది నడిపేటాయన కాలును అడుగుండ్రి. క్లచ్ మీదికెల్లి కాలు తియ్యడాయన. దారి మొత్తం హాఫ్ క్లచ్చే. గట్ల సగం తొక్కి ఉంచితే ప్లేటు రాసుకొని అరుగుతది. కొత్తది ఏసినా గా కాలు గట్లనే ఉంటే మల్ల నా తానకే వస్తరు."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. బండిలో ఎక్కినవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. ఆయన ఎడమ కాలు క్లచ్ మీద, మంచం పట్టె మీద చెయ్యి వేసుకున్నంత తీరికగా ఉండేది. అయితే తెలియడం వేరు, మేస్త్రీ నోట వినడం వేరు.

బస్సులో తిరిగి వస్తుంటే సంఘ పెద్ద నా చెవిలో, "టీచరమ్మా, ప్లేటు సంగతి సంఘానికి చెప్దాం. కాలు సంగతి దేవునికి తెలుసు, చాలు" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఎందుకంటే అయ్యగారు మాకు తెలుసు. తన వల్ల సంఘం వస్తువు చెడిందని వింటే ఆ క్షణమే తాళాలు బల్ల మీద పెట్టి, ఆ మోకాళ్లతోనే మళ్లీ సైకిలు తీస్తారు. అడవి ఊళ్లకు బస్సు లేదు. ఆయన అక్కడ పడిపోతే చూసేవాళ్లుండరు. పైగా ఆ స్టీరింగు ముందరి సంబరాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోడానికి మాలో ఎవరికీ మనసు రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యింది. సంఘ పెద్ద లేచి, ప్లేటు అరిగిందని, ఇప్పుడే మార్చడమా, ఉన్నదాన్నే బిగించడమా చెప్పాలని అన్నాడు. మిర్చి బాగా పండిన ఏడాది కాబట్టి ఖర్చు గురించి ఎవరూ నసగలేదు. వెనక నుంచి ఒకామె మాత్రం, "గంత జల్దీ ఎట్లరిగింది?" అని అడిగింది. మందిరంలో అందరూ ఒక్కసారిగా నేల చూపులు చూశారు. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. నేను చీర కొంగు మడతలు సరిచేసుకున్నాను.

అప్పుడు ఒక రైతు లేచాడు. "నా తప్పే. మిర్చి బస్తాలు డిక్కీల ఏసి మార్కెట్ దాకా పంపిచ్చిన" అన్నాడు. ఆయన కూర్చోకముందే ఇంకొకామె లేచి, "నా బిడ్డ పెండ్లికి కారు నిండ మనుషుల్ని కుక్కినం. మీద కూడ ఇద్దరు కూసున్నరు" అంది. ఒకాయన, వాగులో నీళ్లున్నా పోనివ్వమని తనే తొందర పెట్టానన్నాడు. మా సంఘంలో కాస్త భారీ మనిషి ఒకామె ఉంది. ఆమె కూర్చున్న చోటి నుంచే, "నేనెక్కితే గా కారు ఒక దిక్కు ఒరుగుతది. అరగక ఏంజేస్తది?" అనేసరికి పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు, తప్పు నెత్తిన వేసుకుంటున్నారు, హాయిగా కూర్చుంటున్నారు. ఎవరూ ఎవరితోనూ అనుకొని వచ్చింది కాదు. క్లచ్చంటే ఏమిటో తెలియని ముసలివాళ్లు కూడా దాని మీద చేసిన పాపాలు వెతుక్కున్నారు.

అయ్యగారు కుర్చీలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని అన్నీ విన్నారు. తర్వాత మెల్లగా లేచారు.

"ఇన్నేళ్లుగా ఒప్పుకోండి, ఒప్పుకోండి అని ఇక్కడ నిలబడి చెబుతున్నాను. ఒక్కరూ నోరు తెరవలేదు. క్లచ్ ప్లేటుకి ఇంతమంది ఒప్పుకుంటారని తెలిస్తే కారు ఇంకా ముందే కొనేవాళ్లం" అన్నారు. రేకులు ఎగిరిపోయేలా నవ్వారు అందరూ. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, "తప్పు మీది కాదు. నా ఎడమ కాలిది" అన్నారు.

సంఘ పెద్ద కంగారుగా, "మీకెవరు చెప్పిండ్రు అయ్యగారూ?" అంటూ నా వైపు చూశాడు.

"ఎవరు చెప్పాలి? మీ అమ్మగారు పక్కన కూర్చున్నప్పుడల్లా చెబుతూనే ఉంది."

"చెప్తే వినేటాయనైతే గద" అంది అమ్మగారు ఆడవాళ్ల వైపు నుంచి.

"తొక్కీ తొక్కీ అలవాటైన కాలు. ఊరికే ఉండమంటే దానికి చేతకావడం లేదు. తీస్తే బండి చెయ్యి జారిపోతుందేమోనని భయం కూడా" అన్నారు అయ్యగారు. ఎంతో మామూలుగా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పారు. "ప్లేటు కొత్తది వేయిద్దాం. గేర్‌బాక్సు ఎలాగూ దిగింది. పనిలో పని, నన్నూ దించేయండి. విప్పినప్పుడే మార్చాల్సినవన్నీ మార్చేసుకుంటే మళ్లీ విప్పే పని ఉండదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగి, "టీచరమ్మకు లైసెన్సు ఉంది. వాళ్ల నాన్నగారు లారీ మీద నేర్పారు. నాకు తెలుసు" అన్నారు.

ఎప్పుడో మాటల్లో చెప్పింది గుర్తు పెట్టుకున్నారు. పెళ్లయ్యాక నా లైసెన్సు పెట్టె అడుగుకు పోయింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆ రోజు ఆయన నలుగురిలో ఆ మాట అన్నప్పుడు నేను కొంగు వదిలేసి తలెత్తి చూశాను. సంతోషంతోనే. ఆడమనిషి కారు తోలడమేమిటని మగవాళ్ల వైపు చిన్న గుసగుస లేచింది గానీ, అమ్మగారు అటు చూసిన చూపుకు అణిగిపోయింది.

అంతా కుదిరిందనుకున్నాం. అప్పుడు మందిరం మూలన చాప మీద కూర్చున్న అవ్వ తల అడ్డంగా ఊపింది. అడవి ఊరి మనిషి ఆమె. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుతుంది, మాతో తెలుగు పొదుపుగా వాడుతుంది.

"నేనొప్ప" అంది.

"ఎందుకవ్వా?" అని అడిగారు అయ్యగారు.

"మీరు రారు. మీ బదులు కారొస్తది. కారును నేనేం జేసుకోను?"

అయ్యగారు మోకాళ్లు నొప్పెడుతున్నా వెళ్లి ఆమె పక్కన చాప మీద కూర్చున్నారు. "నేనూ వస్తానవ్వా. పక్క సీట్లో కూర్చొని వస్తాను" అన్నారు.

"గట్లనే అంటరు. మొదలొస్తరు. తర్వాత కాళ్ల నొప్పంటరు. ఆఖరుకు టీచరమ్మ ఒక్కతే వస్తది, పిల్లలకు బిస్కిట్లిచ్చి పోతది."

నాకు కోపం వచ్చింది, ముఖ్యంగా బిస్కెట్ల మాటకు. కానీ ఆమె కళ్లలో భయం నిజమైనది. వాళ్ల ఊరికి వస్తామని వచ్చి, కొన్నాళ్లకు మానేసినవాళ్లను ఆమె చాలామందినే చూసింది. పద్ధతి పద్ధతే కదా. ప్లేటుకు మాత్రం ఆమె "అవ్" అంది. డ్రైవరు సంగతి, కారు వచ్చాక ఎక్కి చూసి చెబుతానంది. సంఘం సరేనంది.

కారు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అయ్యగారు ఎడమ పక్కన, అవ్వ వెనక సీట్లో. సంఘం సంఘమంతా మందిరం ముందు నిలబడి చూస్తోంది. కొత్త ప్లేటు గట్టిగా పట్టుకుంది, కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మళ్లీ తాళం తిప్పాను. అయ్యగారు మాత్రం, "కొత్తది కదమ్మా. కాస్త పరిచయం కావాలి" అన్నారు. రెండోసారి కదిలింది.

ఊరు దాటి, మిరప చేలు దాటి, టేకు చెట్లలోకి దారి మళ్లింది. కాసేపటికి నా కాళ్లకు నాన్న నేర్పింది గుర్తొచ్చింది. మధ్యలో వాగు ఉంది. దారి నిటారుగా దిగి, రాళ్ల మీదుగా దాటి, మళ్లీ ఎక్కుతుంది. దిగుడు రాగానే నేను క్లచ్ నొక్కి గేరు తగ్గించాను. అదే క్షణంలో నా పక్కన అయ్యగారి ఎడమ కాలు, ఏ పెడలూ లేని చోట, నేలను గట్టిగా నొక్కింది. ఎక్కుడు రాగానే మెల్లగా వదిలింది. ఆయన చూపు మాత్రం దారి మీదే ఉంది, కాలు ఏం చేస్తోందో ఆయనకు తెలియదు.

వెనక నుంచి అవ్వ ముందు సీటు మీదికి వంగి చూసింది. కాసేపు ఆ కాలునే చూసింది. తర్వాత పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది.

"అయ్యగారే నడుపుతుండ్రు" అంది. "చేతులు టీచరమ్మవి, కాలు అయ్యగారిది. అవ్. నేనొప్పిన."

అదీ మా సంఘం డ్రైవరును ఎన్నుకున్న తీరు. ఆ తర్వాత నేను ఆయన్ని ఎన్ని ఊళ్లకు తిప్పానో, ఎన్ని పెళ్లిళ్లకూ దవాఖానాలకూ ఆ కారు తిరిగిందో. నా డ్రైవింగును ఆయన ఒక్కసారీ తప్పుపట్టలేదు. వేగం పెంచితే మాత్రం సన్నగా పాట మొదలుపెట్టేవారు. ఆ శ్రుతి భరించలేక నేనే తగ్గించేదాన్ని. ఆ కిటుకు ఆయనకు తెలిసే చేసేవారని నా అనుమానం. దారిలో కట్టెల మోపులతో ఎవరు కనిపించినా ఆపమనేవారు. "ఖాళీ సీటు ఉంచుకొని దాటిపోతే మెడ పట్టేస్తుందమ్మా" అనేవారు. కారు వల్ల నాకు ఊరు తెలిసింది, అడవి తెలిసింది, నాన్న ఇచ్చింది నా చేతిలోకి తిరిగి వచ్చింది. వీటికి ఆయనకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు, చెబితే నవ్వేవారు.

అవ్వకిచ్చిన మాట మాత్రం ఆయన తప్పలేదు. మోకాళ్లు మరీ వాచిపోయి దిగలేని రోజుల్లో కారును ఇప్పచెట్టు కింద ఆపేదాన్ని. ఆయన కిటికీ అద్దం దించి, "ఉన్నారా?" అని పిలిచేవారు. ఊరంతా కారు చుట్టూ చేరేది. ప్రార్థన కిటికీ దగ్గరే జరిగేది. అవ్వ అందరికంటే ముందొచ్చి తలుపు పట్టుకొని నిలబడేది, అది తన సొంత కారన్నట్టు.

ఆ ఫోను వచ్చిన రోజున బడి నుంచే బయల్దేరి అడవి ఊరికి వెళ్లాను. కబురు అప్పటికే చేరింది. జనం తెల్ల బట్టలు కట్టుకొని దారి పక్కన నిలబడి ఉన్నారు. వెనక సీటు నిండిపోయింది, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. ఇంకా కొందరు బయటే ఉన్నారు. ముందు సీటు మాత్రం ఖాళీగా ఉంది. ఎక్కమన్నాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు నేనూ అటు చూశాను. ఆ పక్క నేల మీది రబ్బరు పట్టా ఒకే చోట, అరికాలంత మేర, అరిగి గుంట పడి ఉంది. లోపలి రేకు తళతళలాడుతోంది. రోజూ ఆ కారు తుడిచేదాన్ని, అయినా నా కంట పడలేదు.

అవ్వ జనాన్ని తోసుకొని ముందుకు వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని ఎక్కి, ముందు సీట్లో కూర్చుంది. ఇంకో ఇద్దరిని తన పక్కకు రమ్మని చేత్తో పిలిచింది. నేను బండి స్టార్టు చేశాను.

వాగు దగ్గర దిగుడు వచ్చింది. నేను క్లచ్ నొక్కాను. అవ్వ తన వట్టి కాలు తీసి ఆ గుంటలో పెట్టి, దారి మీంచి చూపు తిప్పకుండా, గట్టిగా నొక్కింది.